గట్టు మీద నడిచి చెరువు లోతు చెప్పొచ్చా?

మా ఆవిడ అన్నగారికి ముప్పై ఏళ్ళు ఫినైట్ ఎలిమెంట్ లెక్కలతోనే గడిచాయి. మా అమ్మాయి పీహెచ్‌డీ బౌండరీ ఎలిమెంట్ మీద. ఈ ఇద్దర్నీ ఒక అరుగు మీద కూర్చోబెట్టకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ అంబాజీపేటలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే కాస్త గాలి తగిలే చోటు ఆ అరుగొక్కటే. పెరట్లో ఒలిచి పోసిన కొబ్బరి పీచు కుప్ప, అరుగు మీద నులక మంచం, మంచం మీద ఆయన, గడప మీద ఈ పిల్ల, మధ్యలో మజ్జిగ గ్లాసుతో నేను. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. అర్థమైనంత రాశాను, కానిచోట మళ్ళీ అడిగి రాశాను.

తగవు కంపోజిట్ల గురించి. గాజు పీచునో కార్బన్ పీచునో జిగురులో పెట్టి గట్టిపరిస్తే వచ్చే సరుకు. అంతర్వేది ఒడ్డున లాగి పెట్టిన ఫైబర్ బోట్లు ఆ జాతివే, విమానం రెక్కలూ ఆ జాతివే. బరువు మోస్తున్నప్పుడు వాటి లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్లో లెక్క కట్టాలి. ఏ దారిన కట్టాలన్నదే గొడవ.

మామయ్య: మీ పద్ధతి పత్రికల్లో వ్యాసాలకి బావుంటుందే అమ్మడూ. పనిచేసే చోట నాకెక్కడా కనపడలేదు. అసలు ముందు ఈ లెక్కకి కంప్యూటరెందుకో చెప్పు. గాజు యంగ్ గుణకం, అంటే గట్టిదనం కొలత, 72 గిగాపాస్కళ్ళు; జిగురు ఎపాక్సీది 3. నూటికి అరవై వంతులు పీచు. అరవై వంతుల 72, నలభై వంతుల 3, రెండూ కూడితే 44.4. ముక్కని పీచు పొడుగునా లాగి చూడు, మిషనూ ఇంచుమించు అంతే చెబుతుంది. పెళ్ళి శుభలేఖ వెనక చేసుకునే లెక్క.

అమ్మాయి: పొడుగునా లాగితే సరే మామయ్యా. అడ్డంగా లాగు. అదే సూత్రాన్ని తిరగేసి అడ్డానికి వాడితే 7 వస్తుంది. నిజం ముక్క అంతకంటే బాగా ఎక్కువ చూపిస్తుంది. ఎందుకంటే ఆ సూత్రం గాజునీ జిగురునీ అట్టు మీద అట్టు పేర్చినట్టు అనుకుంటుంది. ఉన్నవేమో గుండ్రటి పీచులు, వాటి మధ్య సందుల్లో జిగురు. పీచు 10 మైక్రాన్ల మందం ఉందనుకో. అరవై వంతుల పీచుని తేనెపట్టు గళ్ళంత పొందిగ్గా సర్దినా పక్కపక్క పీచుల మధ్య సందు 2.3 మైక్రాన్లే. నిజంలో అంత పొందిగ్గా ఎవరు సర్దుతారు? కొన్ని దాదాపు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. అడ్డంగా లాగినప్పుడు కథంతా ఆ సందులోనే.

మామయ్య: ఒప్పుకున్నాను. అందుకే మెష్ వేస్తాం. పీచుని ముక్కలు చేస్తాం, జిగురుని ముక్కలు చేస్తాం, సందులో సన్నటి ముక్కలు పెడతాం. క్లఫ్ 1960లో దానికి ఫినైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టిన దగ్గర్నుంచీ లోకమంతా చేస్తున్న పనే.

అమ్మాయి: ఆ సన్నటి ముక్కల దగ్గరే నీ రోజంతా పోతుంది. సందు సగమైతే ముక్కా సగం కావాలి. త్రీడీలో ముక్క కొలత సగం చేస్తే సంఖ్య ఎనిమిది రెట్లు. నేను అంచుని మాత్రమే ముక్కలు చేస్తాను. పీచుకీ జిగురుకీ మధ్య ఉన్న ఉపరితలం, అంతే. నాకు నాలుగు రెట్లే పెరుగుతాయి.

మామయ్య: గట్టు మీద నడిచి చెరువు లోతు చెప్పేవాళ్ళని చిన్నప్పుడు చూశాను. వాళ్ళలో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు.

నవ్వేశాను. అమ్మాయి నా వైపు తిరిగింది. కోపం వస్తే వాళ్ళ మామయ్యకి చెప్పాల్సింది నాకు చెప్పడం దానికి అలవాటు. ఈ వ్యాసం దక్కింది ఆ అలవాటు వల్లే.

అమ్మాయి: నాన్నా, అంతులేని రబ్బరు ముద్ద ఒకటి ఊహించుకో. ఎటు పోయినా అంచు తగలదు. దాని లోపల ఒక్క చుక్క దగ్గర సూదితో నెట్టావు. మిగతా ముద్ద ఎక్కడెక్కడ ఎంత కదులుతుంది? విలియం థామ్సన్, అదే తరవాత లార్డ్ కెల్విన్ అయినాయన, 1848లో దీనికి కచ్చితమైన సూత్రం రాసిపెట్టాడు. అప్పటికాయనకి పాతికేళ్ళు నిండలేదు. దూరం రెట్టింపైతే కదలిక సగం, స్ట్రెస్ నాలుగో వంతు. ఇక ఈ నులక మంచం చూడు. నువ్వు తలాపున కూర్చుంటే కాళ్ళ దగ్గర ఎంత దిగిందో కొలువు. లేచి, నువ్వే కాళ్ళ దగ్గర కూర్చుని తలాపున ఎంత దిగిందో కొలువు. రెండు కొలతలూ ఒకటే వస్తాయి. దాన్ని ఏ వస్తువుకైనా, ఎన్ని బరువులకైనా వర్తించేలా బెట్టీ 1872లో చెప్పాడు.

నేను లేచి మంచం వైపు చూశాను. ఆయన కదల్లేదు.

అమ్మాయి: బెట్టీ తక్కెడలో ఒక పళ్ళెంలో కెల్విన్ సూదిపోటు పెట్టు, రెండో దాంట్లో మన ముక్క పెట్టు. లోపల ఏ చుక్క ఎంత కదిలిందో తెలియాలంటే అంచు ఎంత కదిలింది, అంచు మీద ఎంత తోపుడు ఉంది, ఈ రెండూ చాలని తేలుతుంది. సోమిలియానా 1880ల్లోనే చూపించాడు. రిజో 1967లో దాన్ని కంప్యూటర్ చేసే లెక్కగా మార్చాడు. లోపలి సంగతి నేను వదిలెయ్యడం లేదు నాన్నా. కెల్విన్ సూత్రం లోపలి సమీకరణాన్ని ముందే పూర్తిగా తీర్చేసింది. మామయ్య లోపల ఉజ్జాయింపు వేస్తాడు, నాకు ఉజ్జాయింపంతా అంచు మీదే.

మామయ్య: నీ మంచం కథ కొత్త నులకకి చెల్లుతుంది. ఈ నులక అల్లించి ఆరేళ్ళయింది. ఒకసారి దిగితే మళ్ళీ లేవదు. ఇక్కడ కూర్చుంటే అక్కడెంత దిగుతుందన్నది నిన్న ఎవరు కూర్చున్నారన్న దాని మీద ఉంటుంది. ఎపాక్సీ కూడా అంతే. కొంత దాకా స్ప్రింగులా ఉంటుంది, తరవాత లొంగుతుంది. లొంగాక బెట్టీ లేడు, కెల్వినూ లేడు.

అమ్మాయి: దానికి వస్తాను. ముందు లొంగని దాని సంగతి తేలనీ.

మామయ్య: తేలుద్దాం. నా పద్ధతిలో ఒక్కో సమీకరణానికి చుట్టుపక్కల వాళ్ళతోనే పని. త్రీడీలో మామూలు ఇటుక ముక్కలైతే ఒక్కో వరసలో 81 అంకెలు, మిగతావన్నీ సున్నాలు. నీ పద్ధతిలో ప్రతి చుక్కకీ ప్రతి చుక్కతో చుట్టరికమే. సున్నా ఒక్కటి దొరకదు. కనుక్కోవాల్సిన అంకెలు, అదే అజ్ఞాతాలు, లక్ష ఉంటే పట్టికలో గళ్ళు వెయ్యి కోట్లు. గడికి ఎనిమిది బైట్లు, అంటే 80 గిగాబైట్లు, పట్టిక దాచిపెట్టడానికే. కోటి అజ్ఞాతాలైతే 800 టెరాబైట్లు. ఇక దాన్ని విడగొట్టాలంటే, అజ్ఞాతాలు రెట్టింపైతే పని ఎనిమిది రెట్లు. అంచు మీద ముక్కలు తగ్గాయని సంబరపడ్డావు గానీ ఆ మిగులంతా ఇక్కడ కక్కిస్తుంది.

(ఒక పక్కమాట. జిగురునీ మ్యాట్రిక్స్ అంటారు, ఈ గళ్ళ పట్టికనీ మ్యాట్రిక్స్ అంటారు. వీళ్ళిద్దరూ రెంటినీ ఆ పేరుతోనే పిలుస్తుంటే అరగంట సేపు గళ్ళ పట్టిక లొంగిపోతుందనీ, జిగురుని కంప్యూటర్లో దాస్తారనీ అనుకున్నాను. అందుకే ఇక్కడ ఒకదాన్ని జిగురు అనీ ఒకదాన్ని పట్టిక అనీ రాస్తున్నాను.)

అమ్మాయి: ఆ మాట 1985 దాకా నిజం. రోక్లిన్ ఆ ఏడు ఒక ఉపాయం రాశాడు, 1987లో గ్రీన్‌గార్డ్‌తో కలిసి పూర్తి చేశాడు. ఫాస్ట్ మల్టీపోల్ అంటారు. నాన్నా, అంబాజీపేట నుంచి విశాఖపట్నానికి వెయ్యి ఉత్తరాలు పోవాలి. వెయ్యి మంది మనుషులు వెయ్యి ఇళ్ళకి బయల్దేరతారా? అన్నీ ఒక సంచిలో వేస్తారు. సంచి విశాఖ చేరాక పేటలవారీగా విడదీస్తారు, వీధులవారీగా విడదీస్తారు. పక్కింటికైతే సంచెందుకు, చేత్తో ఇచ్చేస్తాం. ఈ లెక్కా అంతే. దూరంగా ఉన్న వెయ్యి చుక్కల ప్రభావాన్ని ఒక మూటగా కట్టి పంపుతాం, దగ్గరివాటిని మాత్రం ఒక్కొక్కటిగా చూస్తాం. పట్టికని అసలు దాచనే దాచం. ఇప్పుడు అజ్ఞాతాలు రెట్టింపైతే పని కూడా ఇంచుమించు రెట్టింపే.

మామయ్య: ఇంచుమించు.

అమ్మాయి: ఇంచుమించే. 2005లో యీజున్ లియు, నిషిమురా, వాళ్ళతో ఇంకొందరు ఈ దారినే పీచు కంపోజిట్‌ని లెక్కించారు. 5,800కి పైగా పీచులు, కోటికి పైగా అజ్ఞాతాలు. నువ్వు చెప్పిన 800 టెరాబైట్ల లెక్క అదే.

మామయ్య: ఆ వ్యాసం నేనూ చదివాను. నీకు చెప్పలేదంతే. అందులో పీచుల్ని వాళ్ళు ఏమనుకున్నారో మీ నాన్నకి చెప్పు.

ఈసారి అమ్మాయి వెంటనే మాట్లాడలేదు. పిల్లి వచ్చి పీచు కుప్ప మీద పడుకుంది.

అమ్మాయి: ససేమిరా సాగనివి అనుకున్నారు. పీచు జరగొచ్చు, తిరగొచ్చు, కానీ వంగదు, సాగదు. అలా అనుకుంటే ఒక్కో పీచు కదలికకి ఆరే అజ్ఞాతాలు, మిగతావి అంచు మీది తోపుడువి. అంచు సమీకరణంలో కష్టమైన ముక్క కూడా రాలిపోతుంది.

మామయ్య: గాజు ఎపాక్సీకి 24 రెట్లు గట్టిది. 24 రెట్లంటే అనంతమా? ముక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగాటి పీచు ఉండి, అది సాగదనుకుంటే, ఇందాక నేను శుభలేఖ వెనక వేసిన లెక్కకి జవాబు అనంతం. అంటే ఎంత లాగినా ముక్క కదలదు. అంతర్వేది బోటు అలా ఉంటే చేపల వాళ్ళు దండం పెట్టుకుందురు.

అమ్మాయి: పొట్టి పీచులకి, జిగురు కంటే ఎన్నో రెట్లు గట్టివాటికి మాత్రమేనని వాళ్ళే రాశారు, దాచలేదు. కార్బన్ నానోట్యూబ్ వెయ్యి గిగాపాస్కళ్ళ సరుకు, దానికి నప్పుతుంది. ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో కూడా చూపించారు. అంతులేని ముద్దలో సాగని గోళానికి కాగితం మీద కచ్చితమైన జవాబుంది, దానితో సరిపోల్చారు. నేను నా ప్రోగ్రాంకి ఎషెల్బీ జవాబు వాడతాను. 1957లో ఆయన చెప్పింది, ముద్దలో ఇరికిన వేరే సరుకు దీర్ఘగోళం ఆకారంలో ఉంటే, బయట ఎలా ఉన్నా లోపల మాత్రం సాగుడు అన్ని చోట్లా ఒక్కటేనని. నా ప్రోగ్రాం లోపల పది చోట్ల పది అంకెలు చూపించిందంటే తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు.

మామయ్య: ఎషెల్బీ దగ్గర నాకు పేచీ లేదు. పేచీ ఆ 5,800 దగ్గర. నీ 10 మైక్రాన్ల పీచు అరవై వంతులుంటే, చదరపు మిల్లీమీటరు కోతలో ఎన్ని పీచులు?

వేళ్ళ మీద కాదు గానీ, ఫోన్లో లెక్కపెట్టింది.

అమ్మాయి: 7,600 పైచిలుకు.

మామయ్య: చీమ తల. కోటి అజ్ఞాతాలు, సూపర్ కంప్యూటర్, టపా సంచులు, ఇంత చేసి చీమ తల దాటలేదు.

అమ్మాయి: ఎసట్లో ప్రతి మెతుకూ నలిపి చూస్తావా మామయ్యా? ఒక్కటి పట్టి చూస్తావు. ముప్పై నలభై పీచులున్న ముక్క చాలు, సగటు గుణాలు దాంట్లో వచ్చేస్తాయి. నువ్వు చేసేదీ అదే కదా.

మామయ్య: అన్నం ఉడికిందా లేదా అన్నదానికి ఒక్క మెతుకు చాలు. అడుగంటిందా లేదా అన్నది పైమెతుకు చెబుతుందా?

ఈ మాట దగ్గర నేను గ్లాసు కింద పెట్టాను. ఆ మధ్యాహ్నం మొత్తంలో నాకు గుర్తుండిపోయినది ఇదే. గట్టిదనం అనేది సగటు సంగతి. లక్షల పీచులూ తలా కాస్తా మోసి ఇచ్చే జవాబు కాబట్టి ఏ మూల ముక్క తీసినా కొంచెం అటూ ఇటూగా ఒకటే వస్తుంది. విరగడం అలా కాదు. అది అన్నిట్లోకీ చెడ్డ చోటు నుంచి మొదలవుతుంది. రెండు పీచులు అంటుకునేంత దగ్గరగా వచ్చిన ఒక్క సందు చాలు. సగటుకి ఆ సందు కనపడదు.

అమ్మాయి: అదిగో, నా బలం అక్కడే. అడుగంటే చోటు ఏది? పీచుకీ జిగురుకీ మధ్య అంచే కదా. అడ్డంగా లాగితే జిగురు మొదట పీచు నుంచి ఊడుతుంది. అది ఎక్కడ ఊడుతుందో చెప్పాలంటే ఆ అంచు మీద తోపుడు ఎంతో కావాలి. నా లెక్కలో అది నేరుగా వచ్చే అజ్ఞాతం. నువ్వు ముందు కదలికలు కనుక్కుని, వాటి తేడాల్లోంచి స్ట్రెస్ పిండుకోవాలి. ఒక ముక్కలో ఒకటి, పక్క ముక్కలో ఇంకోటి వస్తే సగటు తీసి గీత గీస్తావు. ఎక్కడ కచ్చితంగా తెలియాలో సరిగ్గా అక్కడే నీ అంకె చెదురుతుంది.

మామయ్య: సన్నటి మెష్ వేస్తే చెదరదు.

అమ్మాయి: పగులు నడుస్తుంటే? అడుగడుక్కీ మెష్ మళ్ళీ వేస్తావా? స్పెయిన్‌లో సెవీల్ విశ్వవిద్యాలయంలో ఫెడెరికో పారిస్, మాంటిచ్, కొర్రెయా వాళ్ళు ఏళ్ళ తరబడి దీని మీదే కూర్చున్నారు, బౌండరీ ఎలిమెంట్‌తోనే. ఎపాక్సీలో ఒక్క గాజు పీచు. అడ్డంగా లాగుతారు. లాగే దిక్కుకి ఎదురుగా, పీచు నెత్తి మీద చిన్న ఊడుడు మొదలవుతుంది. అక్కడి నుంచి పీచు ఒంపు వెంట రెండు వైపులా ఒక్క ఉదుటున పాకుతుంది. నెత్తి నుంచి 60, 70 డిగ్రీలు తిరిగేసరికి పగులు నోరు మూసుకోవడం మొదలుపెడుతుంది, రెండు పెదవులూ తాకుతాయి. అక్కడి నుంచి అంచు వెంట పోవడం కష్టమై జిగురులోకి తిరుగుతుంది. పక్క పీచుల చుట్టూ ఊడినవి కూడా అలాగే తిరిగి, ఒకదాన్నొకటి కలుపుకుని, కంటికి కనపడే చీలిక అవుతాయి. లామినేట్లో, అంటే పీచు పొరలు పేర్చి అంటించిన పలకలో, అడ్డపొరలు ముందుగా ఎందుకు చీలతాయో ఇప్పుడు చెప్పు, సగటు లెక్కతో.

మామయ్య: పెదవులు తాకుతాయన్నది మంచి మాట. రెండు వేరువేరు సరుకుల మధ్య పగులు కొన దగ్గర, తాకుడు లెక్కలోకి తీసుకోకపోతే, పెదవులు ఒకదాంట్లోకొకటి దూరిపోయినట్టు జవాబొస్తుంది. విలియమ్స్ 1959లో రాసిన తిక్క అది. మేం కొత్తల్లో అది మెష్ తప్పనుకునేవాళ్ళం.

ఒప్పుకున్నట్టా కాదా తెలియలేదు. ఆయన ఒప్పుకోవడం ఎప్పుడూ పాతజ్ఞాపకం రూపంలోనే ఉంటుంది. నా మటుకు నాకు ఈ సెవీల్ ముచ్చటతో అమ్మాయి వైపు మొగ్గింది. కూతురని కాదు. పీచు కంపోజిట్ అంటేనే అంచుల పోగు. చెంచాడు ముద్దలో ఎంత ఉపరితలం! ముప్పు అక్కడుందని తెలిసినప్పుడు లెక్క కూడా అక్కణ్ణుంచే మొదలుపెట్టడం నాకు సబబుగా తోచింది. అయితే ఆయన ఇంకా పూర్తి చేయలేదు.

మామయ్య: ఒక్క పీచు, చుట్టూ అంతులేని ఎపాక్సీ. ఎవరింట్లో ఉందే అలాంటి లామినేట్?

అమ్మాయి: పక్క పీచుని కూడా తరవాత పెట్టి చూశారు.

మామయ్య: పెట్టారు సరే. ఆ రెండు పీచుల మధ్య పాతిక మైక్రాన్లు కాదు, పదో వంతు మైక్రాన్ సందుంటే? దూరం తగ్గుతుంటే కెల్విన్ సూత్రం పైకి ఎగదన్నుతుంది. ఈ పీచు అంచు మీద కూర్చుని ఆ పీచు అంచుని కూడుతుంటే సంఖ్య ఆకాశానికి పోతుంది. మామూలుగా కూడితే తప్పు వస్తుంది.

అమ్మాయి: వస్తుంది. దానికి వేరే కూడిక పద్ధతులున్నాయి. టెల్లెస్ 1987లో ఇచ్చిన మార్పిడి ఒకటి, సూత్రాన్ని కాగితం మీదే తేల్చెయ్యడం ఒకటి. ఆర్నెల్లు అక్కడే పోయాయి నాకు, నిజం చెప్పాలంటే.

మామయ్య: నా మెష్ దగ్గర రోజంతా పోతుందన్నావు ఇందాక.

అమ్మాయి: ఆర్నెల్లు ఒక్కసారే పోతాయి మామయ్యా. నీ రోజు రోజూ పోతుంది.

మామయ్య: ఇప్పుడు లొంగిన నులక దగ్గరికి రా. దాటేశావు. లామినేట్‌ని పొయ్యిలో నూట ఇరవయ్యో నూట ఎనభయ్యో డిగ్రీల దగ్గర గట్టిపరుస్తాం. చల్లారేటప్పుడు ఎపాక్సీ గాజు కంటే పది రెట్లు ముడుచుకుంటుంది. బరువు పెట్టకముందే సందుల్లో స్ట్రెస్ ఉంది.

అమ్మాయి: అన్ని చోట్లా సమానంగా చల్లారితే ఆ ముడుచుకోవడాన్ని కూడా అంచు మీదికే తేవచ్చు. లోపల ఒక్క ముక్కా అక్కర్లేదు.

మామయ్య: ఆ మీద బరువు పెట్టాం. సందులో జిగురు లొంగింది. ఇప్పుడు?

అమ్మాయి: లొంగిన మేర లోపల గళ్ళు పెట్టాలి. లొంగిన చోట మాత్రమే, అంతటా కాదు.

మామయ్య: ముందు గుమ్మంలో నుంచి గెంటిన మెష్ పెరటి దారిన లోపలికొచ్చింది.

అమ్మాయి: పెరటి దాకానే వచ్చింది, ఇల్లంతా తిరగడం లేదు. నార్దిని, బ్రెబియా 1982లో ఇచ్చిన దారి ఒకటుంది, గళ్ళు లేకుండా లోపల కొన్ని చుక్కలతో సరిపెట్టేది.

మామయ్య: నలభై పీచుల ముక్కలో సగం సందులు లొంగితే నువ్వు పెట్టే గళ్ళెన్ని, నేను పెట్టే ముక్కలెన్ని? పైగా నీ పట్టిక ఇంకా నిండుగానే ఉంటుంది. నీ పద్ధతికి అసలు గిరాకీ ఎక్కడో తెలుసా? ఓడ అడుగు తుప్పు పట్టకుండా కరెంటు పెట్టే లెక్కల్లో. ఇంజన్ చప్పుడు బయటికి ఎంత పోతుందన్న లెక్కల్లో. సముద్రానికి మెష్ వెయ్యలేం, ఆకాశానికి మెష్ వెయ్యలేం, అందుకని. అక్కడ నీకు ఎదురులేదు. కంపోజిట్ అంతులేని సముద్రం కాదు.

అమ్మాయి: పది మైక్రాన్ల పీచుకి ఒక మిల్లీమీటరు సముద్రమే. నీకు మూడొందల పేజీల మాన్యువల్ ఉన్న ప్రోగ్రాం కొని ఇచ్చారు కాబట్టి నీ పద్ధతి పెద్దదిలా కనిపిస్తోంది. డబ్బూ మనుషులూ ఎటు పోతే అటు పద్ధతి పెరుగుతుంది.

ఇది కొంచెం ఘాటుగా పడింది. ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. నులక కిర్రుమంది.

మామయ్య: సరే, పద్ధతుల మాట వదిలెయ్. 2023 జూన్ 18న అట్లాంటిక్‌లో టైటాన్ సబ్‌మెర్సిబుల్ నలిగిపోయింది. అయిదంగుళాల మందం కార్బన్ పీచు గోడ. తరవాత అమెరికా రవాణా భద్రతా బోర్డు వాళ్ళు అదే గోడలోని మిగులు ముక్కలు చూస్తే పొరలు ముడతలు పడి ఉన్నాయి, గాలి బుడగలున్నాయి, ఖాళీలున్నాయి. నీ తెర మీద పీచులు నిటారుగా నిలబడ్డాయి, నా తెర మీదా నిలబడ్డాయి. పని జరిగే చోట జిగురు రోలరు పట్టుకున్నవాడికి చెయ్యి నొప్పెడుతుంది, బుడగ మిగిలిపోతుంది. అంచు లెక్కకీ లోపలి లెక్కకీ తేడా ఎంతో మనిద్దరం ఏడాది కొట్టుకోవచ్చు. ఆ బుడగని తెర మీదికి తెచ్చిందెవరు?

అమ్మాయి: నేను. బుడగంటే నాకు ఇంకో అంచు మామయ్యా. తోపుడు సున్నా అయిన అంచు. ఇరవై ముక్కలు ఎక్కువ పెడితే చాలు, మిగతా ఏదీ కదపక్కర్లేదు. మెష్ మొత్తం చెడగొట్టి మళ్ళీ వేసుకోవలసింది నువ్వే.

మామయ్య ఏదో అనబోయి ఆగారు. ఆ ముప్పై ఏళ్ళలో ఎన్ని బుడగల్ని మెష్ మళ్ళీ వెయ్యలేక వదిలేశారో ఆయనకే తెలియాలి. అడగలేదు.

మామయ్య: ఆ బుడగ పక్కన జిగురు లొంగితే?

అమ్మాయి: అప్పుడు నీ దగ్గరికొస్తాను.

మామయ్య: ఇప్పుడే రా. ఫొటో ఏదైనా ఉందా? గీసింది కాదు, మైక్రోస్కోపులో తీసింది.

ల్యాప్‌టాప్‌లో ఇంకో అరగంటకి బ్యాటరీ ఉంది. గాజు పీచు లామినేట్ కోత, నల్లటి నేల మీద తెల్లటి బిళ్ళలు, కుడి పక్క పైన వంకర బుడగ ఒకటి. ఒకే ఫొటో, ఒకే గుణకాలు, ఒకే లాగుడు. ఆయన తన దారిన, ఇది తన దారిన లెక్కించి, ఊడుడు ముందుగా ఏ పీచు దగ్గర మొదలవుతుందో విడివిడిగా చెప్పాలి. నా ఎదుట కాగితం మీద రాసుకున్నారు. బుడగ చెరపకూడదని ఆయన షరతు. జిగురు మొదటి విడతలో లొంగదని దీని షరతు.

ముందు పీచులు లెక్కపెట్టాలి కదా. ఆయన 37 అన్నారు, అమ్మాయి 38 అంది. నన్ను లెక్కపెట్టమన్నారు. ఎడమ వైపు ఫొటో అంచు మీద ఒక పీచు నిలువునా సగం తెగి ఉంది. అది లోపలిదని దీని వాదన. ఎడమ అంచున తెగింది కుడి అంచున రెండో సగంగా కనపడితేనే లోపలిదని ఆయన వాదన. కుడి అంచున చూస్తే అక్కడ బుడగ ఉంది.

కరెంటొచ్చింది. ఫ్యాన్ గాలికి కాగితం ఎగిరి పీచు కుప్ప మీద పడితే పిల్లి లేచి పోయింది. వాళ్ళిద్దరూ తల ఎత్తలేదు.